అత్తయ్య ఫోటో కోసం లెన్స్ హుడ్

మా మేనత్త ఫోటో ఒక్కటైనా సరిగ్గా తీయాలని ఈ ప్రయాణం. శుభమని అత్తయ్య తూర్పుకు తిరిగే ఫోటోకు నిలబడుతుంది. మిరపకాయల పనిలో ఆమెకు తీరిక దొరికేది సాయంత్రమే. అంటే కెమెరాకు ఎదురుగా పొద్దు. కిందటిసారి ఫోటోలో ముఖమంతా తెల్లని పొర కమ్మింది. "నా మొహం ఏదే? సున్నం కొట్టావా?" అంది. "ఇంకొక్కసారే. ఆ తర్వాత అడిగినా నించోను."

పక్కల నుంచి పడే వెలుగును ఆపడానికి లెన్స్ ముందు బిగించే చిన్న గొట్టం లెన్స్ హుడ్. మా నందిగామలో దొరకలేదు. జగ్గయ్యపేటలో ఉండవచ్చన్నారు, అత్తయ్య ఊరూ అదే. ఉదయం పదింటికి బస్సెక్కాను. గంట ప్రయాణం, టిక్కెట్టు మూడు రూపాయలు. దారి పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. నా ఒళ్ళో కెమెరా చూసి కండక్టరు, "మా బస్సును మాత్రం తీయకండమ్మా, సిగ్గుపడి ఆగిపోద్ది," అన్నాడు. నవ్వి కిటికీ వైపు తిరిగాను.

బస్టాండు దగ్గర స్టూడియోలో రెండే ఉన్నాయి. లోతైన లోహపుది నలభై, పొట్టి రబ్బరుది పాతిక. "ఇనపది తీస్కోండమ్మా. ఎంత లోతుంటే అంత నీడ," అన్నారు షాపాయన. సబబుగానే తోచింది. అయినా, బిగించి చూడవచ్చా అని అడిగాను. ఆయనకు వినబడలేదు. మళ్ళీ అడగడానికి ధైర్యం కూడదీసుకోవలసి వచ్చింది. బిగించి కెమెరాలోంచి వీధిలోకి చూస్తే, హుడ్ అంచు అడ్డొచ్చి నాలుగు మూలలూ నల్లగా ఉన్నాయి. ఆయనా కన్ను పెట్టి చూశారు. "అవునండోయ్! ఇది దూరంవి తీసే లెన్సుదేమో," అని నవ్వేశారు. రబ్బరుది కొన్నాను.

సాయంత్రం అత్తయ్య పెరట్లో తూర్పుకు తిరిగి నిలబడింది. రీల్లో మిగిలింది ఒక్క ఫోటోనే. కెమెరాలో చూస్తే మళ్ళీ అదే తెల్లపొర. ఎదురెండకు ఆ హుడ్ చాలలేదు.

"కొంచెం పక్కకు తిరుగుతావా అత్తయ్యా?"

"తిరగను."

ఫోటో అంటేనే తప్పించుకునే మావయ్య గడప మీద కూర్చుని నవ్వుతున్నారు.

"నవ్వుతారేంటి? ఆ చాట తెచ్చి పిల్లకి నీడ పట్టండి!" అంది అత్తయ్య.

మావయ్య నా పక్కన నిలబడి, చేయి చాచి చాటను లెన్స్‌కు పైగా పట్టారు. పొర తొలగింది. మీట నొక్కాను.

విజయవాడ నుంచి ప్రింట్లు రాగానే పట్టుకెళ్ళాను. అత్తయ్య ముఖం ముడతలతో సహా స్పష్టంగా వచ్చింది. పై మూలన మాత్రం చాట అంచు, దాన్ని పట్టుకున్న మావయ్య రెండు వేళ్ళూ పడ్డాయి. మళ్ళీ తీస్తానన్నాను.

"అక్కర్లేదు," అంది అత్తయ్య. "పెళ్ళయ్యాక ఈయన నాతో ఫోటోలో పడ్డం ఇదే మొదలు. పటం కట్టించు."

నేను పొరపాటనుకున్న మూలనే ఆమె ఎక్కువసేపు చూసింది. హుడ్ కొనేవారు లోతు చూసి కొనకండి; మీ లెన్స్‌కే బిగించి నాలుగు మూలలూ చూసుకోండి. ఎదురెండలో తీయాలంటే మాత్రం, నీడ పట్టే మనిషిని వెంట ఉంచుకోండి.