వారానికో పేరు

దోహాలో టీవీ అంటే ఇంకా వింతగా ఉన్న రోజులవి. ఉమ్ ఘువైలినాలో మా గది కింద ఒక మలయాళీ చాయ్ హోటల్ ఉండేది. అందులో నలుపు తెలుపు టీవీ. గురువారం సాయంత్రం అందులో అరబ్బీ డ్రామా వచ్చేది. మర్నాడు డ్యూటీ ఉండదు కాబట్టి సైటు నుంచి వచ్చి, స్నానాలు కానిచ్చి, అందరం అక్కడే చేరేవాళ్ళం. మాలో ఒక్కడికీ అరబ్బీ రాదు. యల్లా అంటే పద, మాఫీ అంటే లేదు; ఈ రెండు ముక్కలతో రోడ్డు వేయొచ్చు గానీ డ్రామా అర్థం కాదుగా!

మా దుబాసీ కోరుట్ల భాయ్. ఒక అరబ్బు ఇంట్లో కారు నడిపేవాడు. ఆయనకొచ్చిన అరబ్బీ కూరగాయలకూ పెట్రోలుకూ సరిపోయేది. మిగతాది సొంతంగా కలిపేవాడు. అయినా ముందు కుర్చీ ఆయనదే.

ఆ డ్రామాలో ప్రతివారం కొత్త కథ మొదలై ఆ పూటే అయిపోయేది. నటులు మాత్రం ఆ నలుగురైదుగురే. ఈ సంగతి మాకు తెలియదు. మా ఊళ్ళలో ఒగ్గుకథ మొదలైతే రాత్రులకు రాత్రులు సాగేది. ఇదీ అంతే అనుకున్నాం. పోయిన వారం మామగా ఉన్నవాడు ఈ వారం దొంగయితే, "చెడిపోయిండు" అనేవాడు భాయ్. నాకు తిక్క రేగేది గానీ, కాదనడానికి నాకు మాత్రం ఏం వచ్చు?

మా గదిలో జగిత్యాల వైపు తాపీ మేస్త్రీ ఒకడుండేవాడు. వాళ్ళ అన్న పాస్‌పోర్టు లేకుండానే బొంబాయిలో లాంచీ ఎక్కాడు. "దుబాయ్ పోతున్న" అని ఇంటికి కబురు పెట్టాడు. ఆ తర్వాత అజాపజా లేదు. మావాళ్ళకు గల్ఫంతా దుబాయే, ఇక ఎక్కడని వెతుకుతారు? లాంచీ మునిగిందని కూడా కొందరన్నారు. మేస్త్రీ మాత్రం ప్రతి శుక్రవారం దోహాలోనే నజ్మా అనే పేటలో మనవాళ్ళు తినే హోటళ్ళన్నీ తిరిగి, అన్న పేరు చెప్పి "ఎరికేనా?" అని అడిగేవాడు. ఆ అన్నకు చిన్నప్పుడే చెరుకు గానుగలో పడి కుడిచేతి చిటికెనవేలు సగం పోయిందట. అది మాకు ఎన్నిసార్లు చెప్పాడో!

ఒక గురువారం డ్రామాలో ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు కనిపించాడు. వాడు లేకుండానే పడవ తిరిగొచ్చింది. ఒడ్డున భార్య ఏడుస్తోంది. మేస్త్రీ చాయ్ ముట్టుకోలేదు. పై వారం అదే నటుడు కళ్ళద్దాలు పెట్టుకుని ఆఫీసులో కూర్చుని కనిపించేసరికి మేస్త్రీ ఎగిరి గంతేశాడు.

"సచ్చిండని నువ్వే చెప్తివి గద భాయ్!"

"అరే, ఇంకో పడవోళ్ళు ఎక్కించుకున్నరు. పాత యాది పోయింది, బిచారా!"

ఆ వారమంతా మేస్త్రీ ఇటుక పేరుస్తూ పాటలు పాడాడు. గదికంతా మటన్ వండి పెట్టాడు.

తర్వాతి గురువారం భాయ్ ముందు కుర్చీలో కూర్చోలేదు. తను పనిచేసే ఇంట్లో పిల్లలకు ఈ యాది పోయిన సంగతి చెబితే వాళ్ళు పడీ పడీ నవ్వారట.

"వారానికో కథనంట తమ్మీ. మనమే కలుపుకున్నం. ఆ ముత్యాలోని కథ ఆనాడే ఖలాస్. మునిగిపోయిండు."

నాకు ఒళ్ళు మండింది. నోరు మూసుకుని ఉంటే ఆయన సొమ్మేం పోయేది? మేస్త్రీ ముఖం చూడలేకపోయాను. అక్కడే కూలబడతాడేమోనని నిజంగా భయమేసింది.

ఇంతలో టీవీలో అదే నటుడు గడ్డంతో వచ్చాడు. మేస్త్రీ చాలాసేపు చూశాడు.

"గీయన ఈసారి ఎవలు భాయ్?"

"డాక్టరు. పేరు గూడ వేరే."

"కథ వేరే, పేరు వేరే. మనిషైతే గదే మనిషి గద?"

"మనిషి గదే."

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "లాంచిల దిగినోడు సొంత పేరు చెప్పుతడా కాకా? పోలీసులు పట్టుకపోరా? నేను గిన్ని దినాలు పేరే అడిగిన."

మర్నాడు నజ్మాకు నేనూ వెళ్ళాను. హోటల్ కిటకిటలాడుతోంది. మేస్త్రీ ఎవరినీ ఏమీ అడగలేదు. బల్లల మధ్య మెల్లగా నడుస్తూ, అన్నం కలుపుతున్న కుడిచేతులు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. అవతలి వరస నేను చూశాను.