గడ్డ కాదు, గెడ్డ

మాది అనంతపురం జిల్లా. తొంభైల్లో ఉద్యోగం కోసం విశాఖ వచ్చిన కొత్తలో, ఒకరోజు భీమిలి నుంచి వస్తుంటే బస్సు దారిలో చెడిపోయింది. తర్వాతి ఊరి దాకా నడుద్దామని ఇసుక దారి పట్టాను. అదే బస్సు దిగిన చేపలమ్మే ఆవిడ ఖాళీ తట్టతో నా వెనకే వస్తోంది.

దారి ఒక పొడి ఇసుక పల్లంలోకి దిగింది. నేను సగం దూరం వెళ్లేసరికి ఆవిడ అరిచింది.

"బాబూ, ఎటెల్తన్నావ్? ఎనక్కొచ్చీ! గెడ్డొచ్చేత్తంది!"

మా వైపు గడ్డ అంటే నేల. నేల ఎలా వస్తుందని నవ్వుకుంటూ నిలబడ్డాను. ఆవిడ తట్ట పడేసి పరుగున వచ్చి, నా చెయ్యి పట్టుకుని గట్టు మీదికి లాగింది. అంతలోనే ఎర్రటి నీళ్లు కొమ్మలూ రెమ్మలతో హోరుమంటూ వచ్చి పల్లమంతా నిండిపోయాయి. మా దగ్గర చినుకైనా లేదు.

"కొండ మీద వాన సూడలేదేటి?" అంది రొప్పుతూ. "కొండ మీంచి దిగొచ్చే ఏటిని గెడ్డంటాం. ఎందుకంటారో నాకూ తెల్దు, మాయమ్మ అలాగే అనీది. మీ ఊర్లో ఏటంటారు?"

"వంక అంటామమ్మా."

"వంకా! మాకు వంకలెట్టడమే తెల్సు. వంకలో నీల్లుంటాయేటి?" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

నీళ్లు తగ్గాక ఆవిడే ముందు నడిచి నన్ను అవతలికి దాటించింది. దండం పెట్టబోతే నా చేతులు పట్టుకుని ఆపింది.

"దండమెందుకు బాబూ? మాట తెల్దని మనిసిని గెడ్డలో వొగ్గేత్తామేటి?"