ఎదురింటి ఫ్రిజ్జు మీద వచ్చిన సీటు

అమ్మను ఒక్కసారైనా విమానం ఎక్కించాలని, కోల్‌కతాకు కొన్ని గంటల దూరంలో మేముండే కాసిడీహ్ పేటలో మా తెలుగు వీధివాళ్లు ఏం కొన్నా నా క్రెడిట్ కార్డు మీదే కొనిపించి, వాళ్ల దగ్గర నగదు తీసుకునేవాణ్ణి. అలా కూడిన పాయింట్లతో ఈ సాయంత్రం, రేపటి విమానంలో కోల్‌కతా నుంచి విశాఖకు నాలుగు సీట్లు దొరికాయి. పేర్లు త్వరగా చెప్పకపోతే సీట్లు పోతాయని కార్డు కంపెనీ అమ్మాయి ఫోన్ స్పీకర్లో తొందరపెడుతోంది. నా పేరు, మా ఆవిడ పేరు, పాప పేరు చెప్పేశాను. నాలుగోది చెప్పబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఎదురింటి పైడమ్మ పేరు చెప్పు. విశాఖలో ఆల పిల్లకి ఎల్లుండి ఆపరేషను. రైలు టికెట్టు దొరకనేదట.”

“మరి నువ్వు?”

“నాకేటి తొందర? ఆ పాయింట్లలో దాని ఫ్రిజ్జు కూడా ఉంది కదేటిరా.”

కుటుంబ సభ్యులకే ఇస్తామని, ఆవిడ మాకేమవుతారని అమ్మాయి హిందీలో అడిగింది. అమ్మ ఫోన్ మీదికి వంగి, “మేరీ బహన్ హై” అంది.

సీటు ఖాయమైంది. మా అమ్మకు తోబుట్టువులెవరూ లేరు.

ఇప్పుడు నా బెంగల్లా ఒక్కటే. నా కార్డు మీద మిక్సీలు, కుక్కర్లు కొన్న పిన్నులు ఈ వీధిలో ఇంకా చాలామంది ఉన్నారు. అమ్మ వంతు ఎప్పటికొస్తుందో మీరే చెప్పండి.