నర్గిస్ గడ్డలు, ఎర్రగడ్డలు

నా చిన్నప్పుడు ఒక ఏడాదంతా మాట్లాడటానికి తోటి పిల్ల ఒక్కతీ లేకుండానే గడిచిపోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కడప దగ్గర మా ఊళ్ళో నన్ను పెంచిన జేజి, మా నాయనమ్మ, చనిపోతే, దుబాయ్‌లో ఉన్న అమ్మా నాయనా నన్ను తమ దగ్గరికి తీసుకుపోయారు. దుబాయ్ అంటే నిజంగా దుబాయ్ కాదు, ఖోర్ ఫక్కాన్. మా వాళ్ళకు అక్కడ ఏ ఊరైనా దుబాయే. ఓడరేవులో పనిచేసే ఒక ఫ్రెంచి ఇంజనీరు ఇంట్లో అమ్మ వంట చేసేది, నాయన తోట చూసేవాడు. ఆ ఇంటి వెనక గదిలో మేం ముగ్గురం ఉండేవాళ్ళం.

బడిలో సీటు వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఇంక నాకేం పని? పొద్దస్తమానం గోడలు చూడటమే. గోడకు అవతల రాళ్ళ కొండలు, ఇవతల నేను. ఊళ్ళో స్నేహితురాళ్ళు గుర్తొచ్చి ఏడుపొచ్చేది. ఫోన్ చేద్దామంటే వాళ్ళ ఇళ్ళల్లో ఫోన్లే లేవు. కాగితంపూల చెట్టు మీద వాలే పిగిలిపిట్టలతో తెలుగులో కబుర్లు చెప్పేదాన్ని. పిచ్చిదనుకున్నా సరే, ఎవరో ఒకరితో మాట్లాడాలిగా!

ఆ ఇంటి మేడం పరిస్థితీ అంతే. భర్త పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు, పిల్లలు లేరు. సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చీరాని హిందీలో వాళ్ళమ్మ ఊరి తోట గురించి చెప్పేది. నాదీ వచ్చీరాని హిందీయే కాబట్టి బాగానే కుదిరింది. చలి తగ్గగానే ఆపిల్ చెట్ల కింద గడ్డిలో నర్గిస్ పూలు పసుపుపచ్చగా విరబూసేవంట. చలికాలమంతా ఆకుల కుప్పలో నిద్రపోయిన పిడికెడంత ముళ్ళ జంతువు ఒకటి బయటికొచ్చి నత్తల్ని వెతుక్కునేదంట. ఇంటికప్పు కొసన ఒక నల్లపిట్ట పొద్దుగూకేదాకా పాడేదంట. ఆ కాలాన్ని వాళ్ళు ‘ప్రెంతాం’ అంటారు. ఆ మాట అనేటప్పుడల్లా ఆమె గొంతు మారిపోయేది.

ఎండలు తగ్గే రోజుల్లో మేడం వాళ్ళ ఊరికి పోయి, వచ్చేటప్పుడు ఒక గుడ్డసంచి తెచ్చింది. దాన్ని వంటింటి ఫ్రిజ్‌లో పెడుతూ నాయన, “గడ్డలుండాయి, పైలం” అన్నాడు. ఏం గడ్డలో చెప్పలేదు. మా సీమలో ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, ఆలూ ఉర్లగడ్డ. గడ్డ అంటే కూరలోకి పోయేదే గానీ పూలు పూసే గడ్డ మా ఇంటావంటా లేదు. మర్నాడు పొయ్యి దగ్గర్నించి అమ్మ “పులుసులోకి గడ్డలు తేపో” అంటే, నేను ఆ సంచిలోంచే ఒళ్ళో నింపుకుని తెచ్చాను. నాలుగు కోయగానే జిగురు కారింది, అమ్మ చేతులు దురద పెట్టాయి. “థూ, ఈ దేశంలో ఎర్రగడ్డలు గూడా ఇట్లే ఏడ్చినాయి! పారెయ్ పో” అంది. తెచ్చినవన్నీ పారేశాను, సంచి అడుగున కొన్నే మిగిలాయి. మున్సిపాలిటీ బండి వచ్చి ఎత్తుకుపోయింది.

మరుసటి రోజు పాదులు తవ్వుతూ నాయన అసలు సంగతి చెప్పాడు. మేడం వాళ్ళమ్మ చనిపోయింది, ఆ ఇల్లు అమ్మేశారు. ఆ తల్లి తన చేత్తో నాటిన నర్గిస్ గడ్డల్ని ఈమె తవ్వి తెచ్చుకుంది. ఇక్కడ చలి చాలదు గనక కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచి నాటాలి. నా వీసా కోసం కఫీల్‌ను, అంటే మాకు పూచీ ఉన్న అరబ్బు యజమానిని, బతిమాలింది ఈ మేడమే. తెలిస్తే ముగ్గుర్నీ ఇంటికి పంపేస్తుందని భయపడ్డాను. ఎవరికీ చెప్పకుండా, ఉల్లిగడ్డల బుట్టలోంచి గోధుమరంగు పొట్టున్న చిన్నవి ఏరి సంచిలో కలిపేశాను. ఎంత తెలివో చూడండి!

నాటే రోజు మేడం నాయనను కూడా దగ్గరికి రానీలేదు. నేను ఒక్కొక్కటీ అందిస్తే ఆమే మట్టిలో పెట్టింది. ఒక గడ్డను చేతిలో పట్టుకుని కాసేపు ఆగింది, నా మొహంలోకి చూసింది. నేను తల దించుకున్నాను. “యల్లా, బేటీ” అని, కానీ అన్నట్టు, ఇంకోదానికి చెయ్యి చాపింది. అప్పట్నించి రోజూ ఇద్దరం కలిసి నీళ్ళు పోశాం. ఆమె కథలు చెబుతూనే ఉండేది, నాకు ఒక్కటీ చెవికెక్కేది కాదు. ఆమె పక్కనే కూర్చుని నేను పడిన ఒంటరితనం మా గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా పడలేదు.

మొలకలు లేచాయి. కొన్నిటివి బద్దల్లాంటి ఆకులు, మిగతావన్నీ గుండ్రటి గొట్టాలు. కడప రైతుకు ఉల్లికాడను ఎవరైనా చూపించాలా? నాయన ఒకటి తుంచి వాసన చూసి నా వైపు తిరిగాడు. “ఏం జేసినావే నువ్వు?” ఏడుస్తూ అంతా చెప్పేశాను. మేడం చూడకముందే పీకేయాలని వంగాడు, అంతలోకే ఆమె బయటికి రానే వచ్చింది. “మేరా గల్తీ, మేడం” అని నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెయ్యని తప్పుకు ఆయన అలా నిలబడటం చూడలేకపోయాను. “నై, మై కియా!” అని, నేనే చేశానని అరిచాను.

మేడం మెట్టు మీద కూర్చుంది. “పహలా దిన్ సే మాలూం” అంది. మొదటి రోజు నుంచే తెలుసట! అవును మరి, ఉల్లిగడ్డ వాసన ఆమెకు మాత్రం తెలియదా? మరి ఎందుకు అడగలేదు మేడం అన్నాడు నాయన. ఆమె తన హిందీలో చెప్పింది మన మాటల్లో ఇది: “గడ్డలు ఎలాగూ పోయాయి. అడిగితే ఈ పిల్ల భయపడి నా దగ్గరికి రావడం మానేస్తుంది. ఇంక ఈ తోటలో నాకెవరున్నారు?” ఆమె కళ్ళు తుడుచుకుంది. నేను వెళ్ళి ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను.

ఉల్లికాడల్ని పీకనివ్వలేదు. నర్గిస్ ఏడో ఎనిమిదో పూశాయి. ఉల్లి మాత్రం తెల్లటి గుండ్రటి పూలెత్తింది, తేనెటీగలన్నీ వాటి మీదే. మేడం వాటిని చూసి తెగ నవ్వేది. ఆ వేసవిలో భర్త ఉద్యోగం అయిపోయి వాళ్ళు వెళ్ళిపోయారు, ఆమెను నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నా దగ్గర ఆడపిల్లలు కుట్టుపని నేర్చుకుంటారు. గుడ్డ తప్పు కత్తిరించి దాచేస్తుంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరూ పెద్దదే. అయినా కనిపెట్టగానే అరవను. అరిస్తే రేపు ఈ పిల్ల వస్తుందా రాదా అని ముందు ఆలోచిస్తాను. అది ఆమె నేర్పిందే. కానీ అంతకంటే లోపల ఇంకొకటి మిగిలిపోయింది. నన్ను పోగొట్టుకోలేక ఆమె అన్నాళ్ళు నోరు మెదపలేదు. నేనేమో రోజూ పక్కనే కూర్చుని, నా భయంతో ఆమెను ఒంటరిదాన్ని చేశాను.