చెకింగమ్మ మెచ్చుకున్న రోజు

పోయినవాళ్ళందరూ మంచివాళ్ళేనన్నది లోకం పెట్టుకున్న మర్యాద. చెకింగమ్మ పోయిన రోజున వరండాలో చేరినవాళ్ళు కూడా ఆ మర్యాద తప్పలేదు. "ఎంత మెత్తని మనిషి", "నోట్లో నాలుక లేని మనిషి" అని ఒకరిని మించి ఒకరు అన్నారు. ఆవిడ నోట్లో నాలుక లేకపోవడమేమిటి! ఉన్నది నాలుక కాదు, కత్తెర. బతికున్నన్నాళ్ళూ ఆ కత్తెర కింద పీలికలైనవాళ్ళే ఈ మాటలంటుంటే, గోడకు చేరబడి కూర్చున్న చిన్నకోడలికి ఒళ్ళు మండింది. అక్కే వింటే ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగేసేది.

చిన్నకోడలికి అరవై రెండేళ్ళు. ఆ ఇంట్లో అత్తమామలు ఎప్పుడో పోయారు, అన్నదమ్ములిద్దరూ పోయారు. అయినా ఆవిడ పేరు చిన్నకోడలే. పెద్దకోడలు చెకింగమ్మ. ఆవిడకు పిల్లల్లేరు. ఇద్దరూ ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేశారు. చిన్నకోడలు మిషను మీద కాలర్లు కుట్టేది. పెద్దకోడలు ట్యూబులైటు కింద, పొడుగాటి బల్ల దగ్గర నిలబడి కుట్టిన చొక్కాలకు వంకలు పెట్టేది. అదే ఆవిడ ఉద్యోగం. ఊళ్ళో చాలామంది ఆ పని ఉత్తపుణ్యానికి చేస్తారు, ఆవిడ ముప్పై ఒక్కేళ్ళు జీతం తీసుకుని చేసింది. ఫ్యాక్టరీ భాషలో ఆ పనిని చెకింగు అంటారు, ఆవిడ పేరు అలా వచ్చిందే.

చొక్కాను బల్ల మీద పరిచి, రెండు కాలరు మొనలూ కలిపి చూసి, పక్క కుట్టు పొడుగునా బొటనవేలు నడిపి, గుండీని ఒక్క గుంజు గుంజేది. తేడా వస్తే అక్కడ ఎర్ర కాగితం ముక్క అంటించి వెనక్కి విసిరేది. "విప్పు" అనేది. ఇంకో మాట ఉండేది కాదు. వెనక్కి వచ్చిన చొక్కాల్లో సగం చిన్నకోడలివే. సొంత మనిషికి మొహమాటపడిందన్న మాట పడకూడదని ఆవిడ పట్టుదల. ఇంటికొచ్చాక కూడా అదే వరస. ఆరేసిన బట్టలు, మూసిన మూతలు, ఎత్తిన పక్కలు, అన్నీ ఆవిడ బొటనవేలి కిందే వెళ్ళాలి.

"ఒక్కసారైనా బాగుంది అనొచ్చు కదక్కా, నీ సొమ్మేం పోయింది?" అని చిన్నకోడలు అడిగింది ఒకసారి.

"బాగున్నదాన్ని బాగుంది అని చెప్పడానికి మనిషెందుకే? అది బయటికి వెళ్ళిపోతుంది. బాగాలేనిదే నా దగ్గర ఆగుతుంది" అంది ఆవిడ.

నలభై ఏళ్ళు చిన్నకోడలు ఆ ఒక్క మాట కోసం చూసింది. నవ్వుతూనే చూసింది, తిట్టుకుంటూనే చూసింది.

మరుపు రావడం మొదలయ్యాక చెకింగమ్మ ముందు మనుషుల పేర్లు మరిచిపోయింది, తర్వాత దారులు మరిచిపోయింది. రిటైరై ఎనిమిదేళ్ళయినా పొద్దున్నే లేచి ఫ్యాక్టరీ గేటుకు వెళ్ళి, కాపలావాడి చొక్కా జేబు పక్కకు కుట్టారని వాడితో తగువు పడేది. జేబు నిజంగానే పక్కకుండేది. వంక పెట్టడం మాత్రం మరిచిపోలేదు. చిన్నకోడలికి మోకాళ్ళు అరిగి ఆవిడ వెంట పరిగెత్తలేకపోయింది. ఆఖరికి, మరుపు జబ్బు ముసలివాళ్ళను చూసుకునే ఒక హోములో చేర్చింది.

హోము శుభ్రంగానే ఉండేది. గోడలకు లేత గులాబీ రంగు. పొద్దున జావ, తర్వాత ఆటల గంట. డెబ్బై ఏళ్ళు బతికి, ఇళ్ళు కట్టి, పిల్లల్ని కని, అయినవాళ్ళను పోగొట్టుకుని వచ్చినవాళ్ళను వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, గాలి నింపిన బంతిని ఒకరి ఒళ్ళోంచి ఒకరి ఒళ్ళోకి వేయించి "భలే భలే" అని చప్పట్లు కొట్టేవాళ్ళు. చెకింగమ్మ ఒళ్ళో బంతి పడగానే దాన్ని తిప్పి చూసి, "అతుకు దగ్గర గాలి పోతోంది" అని పక్కన పెట్టేసేది. ఆట ఆగిపోయేది.

హోము నడిపే సూపరింటెండెంటుకు ఎప్పుడూ ఒకటే నవ్వు, మడత నలగని నవ్వు. చెకింగమ్మ ఆవిడకు 'ఇస్త్రీనవ్వు' అని పేరు పెట్టింది. మిగతా పేర్లన్నీ మరిచిపోయిన మనిషి ఆ పేరు మాత్రం మరిచిపోలేదు. మూడు నెలలకోసారి ఇస్త్రీనవ్వు ఒక ఫారం నింపేది. పైన 'జీవన నాణ్యత' అని అచ్చువేసి ఉండేది. కింద ఇరవై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్న పక్కన ఐదు బొమ్మ ముఖాలు. ఏడుపు ముఖంతో మొదలై నవ్వు ముఖంతో ముగుస్తాయి. నాణ్యత అంటే ఏమిటో ఆ భవనంలో ఎవరికైనా తెలుసంటే అది చెకింగమ్మ ఒక్కదానికే. ఆవిడను మాత్రం ఎవరూ అడగలేదు. ముఖాలకు టిక్కులు పెట్టేది ఇస్త్రీనవ్వే.

ఒకరోజు పైఆఫీసు నుంచి తనిఖీకి నలుగురు వచ్చారు. వాళ్ళను గదిగదికీ తిప్పుతున్న ఇస్త్రీనవ్వు వీపు మీద, పత్రికలోంచి చింపి జావతో అంటించిన ఎర్ర కాగితం ముక్క ఒకటి ఉంది. అలాంటివే కారే కుళాయికీ, గొళ్ళెం ఊడిన కిటికీకీ, చిరిగిన దుప్పటికీ ఉన్నాయి. తనిఖీవాళ్ళు కాగితం ముక్కల వెంట నడిచారు. ఇక వేరే తనిఖీ అవసరం లేకపోయింది. వాళ్ళు వెళ్ళిన సాయంత్రమే చెకింగమ్మకు 'ఆందోళన తగ్గడానికి' మాత్రలు మొదలయ్యాయి. ఆందోళన ఎవరిదో ఫైలులో రాయలేదు.

రెండు వారాల తర్వాత చిన్నకోడలికి కబురొచ్చింది. కుటుంబం తరఫున సంతకం కావాలట. తనిఖీ సంగతి ఎవరూ చెప్పలేదు. చెకింగమ్మ కోసం తాను కుట్టిన ముందు గుండీల చొక్కా ఒకటి తీసుకుని వెళ్ళింది. చెకింగమ్మ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి.

"అక్కా, ఇదిగో నీకు. కాలరు నేనే కుట్టాను. తిట్టాలనుకుంటే ఇప్పుడే తిట్టు, మళ్ళీ బస్సుకు వెళ్ళాలి."

చెకింగమ్మ చొక్కా వైపు చూసింది. తర్వాత మెల్లగా, తీయగా నవ్వింది. "బాగుంది" అంది.

చిన్నకోడలు చెవులను నమ్మలేదు. "ఏమన్నావక్కా?"

"బాగుంది. చాలా బాగుంది."

చిన్నకోడలి కళ్ళు చెమర్చాయి. నలభై ఏళ్ళ బాకీ వడ్డీతో సహా తీరినట్టయింది. "చూశారా, ఎంత ప్రశాంతంగా ఉన్నారో! జబ్బు కింద దాగిన మంచి మనసు బయటికొచ్చింది" అంది ఇస్త్రీనవ్వు, ఫారం ముందుకు తోస్తూ. ఇరవై ప్రశ్నలకూ నవ్వు ముఖాలే. చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ సంతకం పెట్టింది. మాత్రలు కొనసాగించవచ్చని సంతకం. బస్సులో పక్కనున్న ఆవిడకు కూడా చెప్పింది, "మా అక్క నా కుట్టు మెచ్చుకుంది" అని. మెచ్చుకోలుకు మొహంవాచిన మనిషిని మోసం చేయడం ఎంత సులువో ఆ సాయంత్రం ఆవిడను చూస్తే తెలిసేది.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళింది. చెకింగమ్మ అదే చొక్కా తిరగేసి తొడుక్కుని ఉంది. లోపలి అతుకులన్నీ బయటికి కనబడుతున్నాయి. గుండీలు ఒకదానికొకటి తప్పాయి. ముందున్న గిన్నెలో జావ చల్లారి మీగడ కట్టింది.

"ఇదేంటక్కా, తిరగేసి తొడిగారేంటి నీకు?"

"బాగుంది."

"జావ చల్లారిపోయింది కదా!"

"బాగుంది."

గది మూల కుళాయి టపటపా కారుతోంది. చిన్నకోడలు దాని వైపు వేలు చూపించింది. చెకింగమ్మ అటు చూసి అదే తీయని నవ్వు నవ్వింది. గోడమీద కొత్తగా ఒక బోర్డు వేలాడుతోంది, 'ఈ నెల ఆనందమూర్తి' అని. అందులో ఆవిడ ఫొటో. చొక్కా ఫొటోలో కూడా తిరగేసే ఉంది, తీసినవాడికి కూడా కనబడలేదు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. చిన్నకోడలు ఆ రోజు అక్షరాలా అదే పని చేసింది.

పక్కలు దులుపుతున్న ఆయా ఊరుకోలేక తనిఖీ రోజు సంగతి చెప్పేసింది. "మాకు పని తేలికయిందమ్మా, అబద్ధం ఎందుకూ? కానీ నా దుప్పటి మడత చూసి తిట్టేవాళ్ళు లేక, మడత పెట్టబుద్ధి కావట్లేదు" అంది.

చిన్నకోడలు నేరుగా ఆఫీసు గదికి వెళ్ళింది. పదిహేను రోజులకోసారి వచ్చే డాక్టరు ఆ రోజు అక్కడే ఉన్నాడు. పడుచువాడు, చెడ్డవాడు కాదు, కాకపోతే తలెత్తి చూసే తీరిక లేదు.

"మా అక్కకు ఆ మాత్రలు ఆపండి."

"ఆవిడ సంతోషంగా ఉన్నారు కదమ్మా" అన్నాడు ఫారం చూస్తూ.

"మా అక్క సంతోషంగా ఉంటే చుట్టుపక్కల ఎవ్వరూ సంతోషంగా ఉండరు బాబూ. అదే దానికి గుర్తు. ఇప్పుడు చూడండి, మీరందరూ హాయిగా ఉన్నారు."

"మళ్ళీ అరుస్తారండీ, అందరినీ గుంజుతారు" అంది ఇస్త్రీనవ్వు. "జీవన నాణ్యత పడిపోతుంది."

"ఎవరిది?"

డాక్టరు అప్పుడు తలెత్తాడు. లేచి చెకింగమ్మ దగ్గరికి వెళ్ళి, నాడి చూసి, పేరడిగాడు, నొప్పేమైనా ఉందా అనడిగాడు. అన్నిటికీ ఒకటే జవాబు. చల్లారిన జావగిన్నె వైపు ఒకసారి, తిరగేసిన చొక్కా వైపు ఒకసారి చూశాడు. "ఒకేసారి ఆపకూడదు. మెల్లగా తగ్గిద్దాం" అన్నాడు.

ఇస్త్రీనవ్వు ఒప్పుకోక తప్పలేదు. ఒక షరతు మాత్రం పెట్టింది. పొద్దున పది నుంచి నాలుగు దాకా చిన్నకోడలు రోజూ వచ్చి పక్కన కూర్చోవాలి, ఆవిడ ఎవరి జోలికీ వెళ్ళకుండా చూడాలి. జరిగినదానికి బాధ్యత కుటుంబానిదేనని రాసివ్వాలి. చిన్నకోడలు రాసిచ్చింది. నలభై ఏళ్ళు ఎవరి నోటికి భయపడి పక్క గదిలోకి తప్పుకునేదో, ఆ నోరు తిరిగి రావాలని అరిగిన మోకాళ్ళతో రెండు బస్సులు మారి వెళ్ళడం మొదలుపెట్టింది. చుట్టాలు నవ్వారు. "ఏరి కోరి తిట్లు తినడానికి వెళ్తోంది, ఎంత వెర్రిబాగుల్ది" అన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ హోము గడప తొక్కలేదు.

మొదటి వారం ఏమీ మారలేదు. రెండో వారం చెకింగమ్మ ఎక్కువసేపు మెలకువగా ఉంది, అంతే. మూడో వారం చిన్నకోడలు ఒక ఎత్తు వేసింది. కాలరు ఒక మొన పొడుగు, ఒక మొన పొట్టి ఉండేలా కావాలని వంకరగా కుట్టి తెచ్చి ఒళ్ళో పెట్టింది. గుడ్డివాడికైనా తెలిసే తప్పు అది.

"బాగుంది" అంది చెకింగమ్మ.

అక్కను తినేసింది మాత్రలు కాదేమో, జబ్బేనేమో అనుకుంది చిన్నకోడలు. అలాగైతే తాను ఎవరికోసం పోట్లాడుతున్నట్టు? తీయటి నవ్వుతో కూర్చున్న ముసలావిడను ఆ నవ్వు నుంచి కూడా లాగేస్తున్నానేమో అన్న భయం పట్టుకుంది. అసలు తనకు కావలసింది అక్క సుఖమా, లేక ఒక్క మెచ్చుకోలుకు అమ్ముడుపోయి సంతకం పెట్టిన తప్పు చెరుపుకోవడమా? ఆ ప్రశ్నకు జవాబు దొరక్కుండానే మర్నాడు మళ్ళీ బస్సెక్కింది.

ఐదో వారంలో ఒక మధ్యాహ్నం చిన్నకోడలు కునికిపాట్లు పడుతోంది. చెయ్యి మీద ఏదో కదిలినట్టయి కళ్ళు తెరిచింది. చెకింగమ్మ బొటనవేలు చిన్నకోడలు తొడుక్కున్న చొక్కా చేతి అంచు వెంట నడుస్తోంది. ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఆగింది.

"ఎవరు కుట్టారిది?"

"నేనేనక్కా."

"నువ్వెవరు?"

"మిషను మీద పనిచేస్తాను."

"నీకు మిషనిచ్చిందెవరు? వాడినీ పిలు. ఇక్కడ దారం తెగితే మళ్ళీ మొదలుపెట్టావు, రెండు కుట్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నాకు తెలీదనుకున్నావా? విప్పు."

చిన్నకోడలు కళ్ళజోడు పెట్టుకుని చూసింది. రెండు కుట్లు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. మూడేళ్ళుగా తొడుక్కుంటున్న చొక్కా అది, తనకే తెలియదు. అక్కడే కూర్చుని పళ్ళతో దారం కొరికి విప్పింది. చెకింగమ్మ మెడ ముందుకు చాచి చూసింది. "చిన్నగా... గుడ్డ లాక్కుపోతుంది... నీ చేతులు మనిషి చేతులేనా, కొయ్య చేతులా?" అంటూ ఆవిడ వేళ్ళు గాల్లో తామే విప్పుతున్నట్టు కదిలాయి. ఆయా గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ తర్వాత రోజులు సుఖంగా గడిచాయనడం అబద్ధం. చెకింగమ్మ కొన్నాళ్ళు జావగిన్నె విసిరింది. కొన్నాళ్ళు సాయంత్రమయ్యేసరికి ఏడ్చింది, ఎందుకో చెప్పలేకపోయింది. చిన్నకోడలిని ఒకసారి దొంగ అంది, ఒకసారి గిచ్చింది. పనికిరాని చొక్కాలు ఫ్యాక్టరీ నుంచి సంచిలో తెచ్చి ముందు పోస్తే మాత్రం గంటల తరబడి వాటిలో మునిగిపోయేది. ఆటల గంటలో ఇద్దరు ముగ్గురు బంతి వదిలేసి ఆవిడ తిట్లు వినడానికి కుర్చీలు దగ్గరికి జరుపుకునేవాళ్ళు. గోడమీద బోర్డులోకి ఇంకెవరి ఫొటోనో వచ్చింది.

మూడు నెలలు నిండాక ఇస్త్రీనవ్వు కొత్త ఫారం పట్టుకుని వచ్చింది. పదిహేడు ఏడుపు ముఖాలు, మూడు మామూలు ముఖాలు.

"ముందే చెప్పాను" అంది నవ్వు చెదరకుండా. "కోపం, అసంతృప్తి, ప్రతిదానికీ ఫిర్యాదు. ఎంత దిగజారిందో చూడండి. మీ కోరిక మీదే జరిగిందని ఇక్కడ సంతకం పెట్టండి."

"పెడతాను. నా కోరికే" అంది చిన్నకోడలు. కలం కోసం చెయ్యి చాచింది.

ఈలోగా చెకింగమ్మ ఫారం లాగేసుకుంది. చొక్కాను పరిచినట్టు తొడమీద పరిచి, రెండు మూలలూ కలిపి మడిచి చూసింది. అచ్చు ఓ పక్కకు ఒరిగింది. గళ్ళు వంకరగా దిగాయి, ఆఖరి వరసలో ముఖాలు సగానికి తెగిపోయాయి.

"ఇది ఎవరి పని?"

"అమ్మా, ఇటివ్వండి, అది ఆఫీసు కాగితం" అంది ఇస్త్రీనవ్వు.

"ఆఫీసుదైతే? వంకర వంకర కాదా? ఇది బయటికి వెళ్ళడానికి వీల్లేదు." చెకింగమ్మ కాగితాన్ని తన వెనక, వీపుకీ కుర్చీకీ మధ్య నొక్కిపెట్టుకుంది. "నిలబడతావేం? వెళ్ళు. సరిగ్గా చేసి పట్రా, అప్పుడు చూస్తాను."

ఇస్త్రీనవ్వు చిన్నకోడలి వైపు చూసింది, ఏదైనా చెప్పమన్నట్టు. చిన్నకోడలు కలం మూత పెట్టేసింది.

"వెళ్ళండి మేడమ్" అంది. "ఆవిడ పాస్ చేయకుండా నేనెలా సంతకం పెడతాను?"