రాయపురంలో ముగ్గురు కోటయ్యలు

మా చిన్నప్పుడు... రాయపురంలో మా వీధి మొగలో నిలబడి "కోటయ్యా!" అని కేకేస్తే ముగ్గురు పలికేవాళ్ళు.

ఒకాయన పయిల్వాన్ కోటయ్య. హార్బర్‌లో మూటలు మోసేవాడు. బెదిరి పరుగెత్తే జట్కా గుర్రాన్ని కళ్ళెం పట్టి నిలబెట్టిన మనిషి... ఇంకొకాయన టోపీ కోటయ్య. ఇంగ్లీషు కంపెనీలో టైపు గుమాస్తా. ఎండయినా వానయినా నెత్తిన టోపీ ఉండాల్సిందే. వీధిలోకి పోలీసు వచ్చినా ఆయనే ఎదురెళ్ళి ఇంగ్లీషులో మాట్లాడి పంపేవాడు.

మూడో ఆయన సన్నాయి కోటయ్య... మా నాయన.

కొత్తవాళ్ళెవరైనా "కోటయ్య కూతురివా పాపా? పయిల్వానా?" అని అడిగేవాళ్ళు. కాదనేదాన్ని. "అయితే టోపీ ఆయనా?" కాదు... సన్నాయి. "ఓ..." అనేవాళ్ళు. ఆ 'ఓ' వినగానే నా ప్రాణం ఉసూరుమనేది.

నాయన రివటలా ఉండేవాడు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో పొద్దున్నే సముద్రం ఒడ్డున కూచుని ఒకే స్వరం పట్టి ఊదేవాడు. నేను పక్కన గవ్వలేరుకునేదాన్ని. ఆ స్వరం తెగేలోపు అలలు ఎన్ని వచ్చి పోయేవో...

ఒక ఎండాకాలం మా వీధికీ చింతాద్రిపేట వాళ్ళకీ చెడుగుడు పందెం పెట్టారు. గెలిచినవాళ్ళకి కొమ్ములు తిరిగిన పొట్టేలు. ఎప్పుడు ఆడినా వాళ్ళే గెలిచేవాళ్ళు. ఈసారి పయిల్వాన్ మామ దిగుతానన్నాడు. ఇంకేం... పొట్టేలు మనదేనని వీధంతా మసాలాలు నూరుకోవడానికి సిద్ధమైపోయింది!

తీరా పందెం రోజు పొద్దున హార్బర్‌లో మూట జారి మామ కాలి మీద పడింది. మడమ ఇంత లావున వాచిపోయింది. సాయంత్రం ఇద్దరి భుజాలు పట్టుకుని కుంటుకుంటూ పందెం జరిగే సముద్రం ఒడ్డు ఇసుకలోకి వచ్చాడు.

అది చూసి చింతాద్రిపేట జట్టు నాయకుడు మీసం దువ్వుకున్నాడు. "ముందే చెప్పుకున్నాం కదప్పా, పేర్లు ఇచ్చినాక మార్చేది లేదని. కోటయ్య దిగాల... లేదంటే పొట్టేలు మాది."

మావాళ్ళంతా తలలు దించుకున్నారు. పయిల్వాన్ మామ మాత్రం జనంలోకి చూశాడు.

"కోటయ్యే కదా మీకు కావాల్సింది? మా వీధిలో కోటయ్యలకేం కరువు! సన్నాయన్నా... ఇట్రా!"

నాయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచినట్టు. "నేనా? చిన్నప్పుడెప్పుడో ఆడినాను. ఇప్పుడు నా వల్ల యాడవుతుందిరా?"

"అవుతుందన్నా. కండ ఎవురికైనా ఉంటాది. నీ ఊపిరి ఈడ ఎవురికుండాది?"

"ఇదేం మోసం! ఈ కోటయ్య వేరే!" అని మీసాలాయన గొడవకొచ్చాడు.

అప్పుడు టోపీ కోటయ్య ముందుకొచ్చాడు. మొదట ఇంగ్లీషులో దంచాడు... ఎవరికీ అర్థం కాలేదు. గొంతు సవరించుకుని తెలుగులోకి దిగాడు. "మీరడిగింది కోటయ్యని. ఈయన కోటయ్య. నేనూ కోటయ్యనే. ఈయన వద్దంటారా, టోపీ తీసి నేను దిగతా!"

జనం గొల్లుమన్నారు. తీర్పు చెప్పడానికి కూచున్న సాయబుగారు కూడా నవ్వాపుకోలేక, "పేరు సరిపోయింది. ఆట కానీండి" అనేశారు.

నాయన పంచె ఎగ్గట్టి, చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. పక్కటెముకలు కనబడుతున్నాయి. అవతలి జనం ఒకటే ఈలలు... నేను చొక్కాలో మొహం దాచుకున్నాను.

ఆట మొదలైంది. నాయన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. గట్టివాళ్ళనే ఏరి ఏరి ఔట్ చేశారు. చూస్తుండగానే ఈ పక్క నాయన ఒక్కడే మిగిలాడు... ఆ పక్క నలుగురు బలమైనవాళ్ళు.

కూత నాయనది. ఒక్క ఊపిరితో వెళ్ళి, ఆ ఊపిరి తెగకుండానే వెనక్కొచ్చి గీత ముట్టాలి. అప్పుడు పట్టుకున్నవాళ్ళంతా ఔట్. మధ్యలో కూత ఆగిందా... మన పని అయిపోయినట్టే.

"చెడుగుడు... చెడుగుడు..." అంటూ నాయన గీత దాటాడో లేదో నలుగురూ మీద పడి ఇసుకలో బోర్లా అదిమేశారు. ఇంక ఊపిరి తెగడమే తరువాయి.

తెగలేదు!

చెంప ఇసుకకి ఆనించి, కళ్ళు మూసుకుని, అదే శ్రుతిలో... చెడుగుడు చెడుగుడు... ఈలలు ఆగిపోయాయి. అలల హోరు, నాయన కూత, అంతే. పట్టుకున్నవాళ్ళకే ఆయాసం వచ్చేసింది. వాళ్ళలో ఒకడు, ఇదేం మనిషిరా అన్నట్టు తలెత్తి నాయన మొహంలోకి చూశాడు. ఆ చూడడంలో పట్టు సడలింది... నాయన సర్రున జారి చెయ్యి చాపాడు.

వేళ్ళు గీత మీద పడ్డాయి. కూత ఇంకా సాగుతూనే ఉంది!

"నలుగురూ ఔట్!" సాయబుగారు లేచి నిలబడ్డారు.

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది... పయిల్వాన్ మామ వాచిన కాలి సంగతే మరిచిపోయి నాయన్ని భుజాన ఎత్తుకున్నాడు. టోపీ కోటయ్య టోపీ గాల్లోకి విసిరితే అది సముద్రంలో పడింది... పోతే పోయిందన్నాడు! మీసాలాయన స్వయంగా వచ్చి నాయన చేతులు పట్టుకుని, "ఏం ఊపిరప్పా నీది!" అన్నాడు. మా అమ్మ ఏడుస్తూ నవ్వింది. జనంలోంచి ఎవరో "ఎవరబ్బా ఈయన?" అనడం వినబడింది... నేను గొంతు చించుకుని అరిచాను.

"మా నాయన!"

ఆ సాయంత్రం వీధి పొడవునా ఊరేగింపు. ముందు పూలదండ వేసుకున్న పొట్టేలు, వెనక ముగ్గురు కోటయ్యలు ఒకే జట్కాలో...

ముగ్గురూ ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇప్పుడు నేనుండే ఫ్లాట్లలో నన్ను "మూడో అంతస్తు ఆంటీ" అంటారు. పేరు ఎవరికీ తెలియదు... పేరొకటైతే తికమకపడేంత దగ్గరగా ఎవరూ బతకడం లేదు. మీ వీధిలోనూ ఒకే పేరున్న వాళ్ళు ఉండేవాళ్ళా? పేరు ముందు ఏం తగిలించి పిలిచేవాళ్ళు? రాయండి... ఆ పేర్లు ఒకసారి పైకి చదువుకోవాలని ఉంది.