జాకీ కింది చెక్క

ఇంగ్లండ్‌లో, బేసింగ్‌స్టోక్ అనే మా ఊళ్లో, తెలుగు కుటుంబాల పిల్లలు నా బావమరిదిని జాకీ అంకుల్ అంటారు. పిల్లలకు ఆ పేరు వెనక కథ తెలియదు. పెద్దలందరికీ తెలుసు. ఎనిమిదేళ్ల కిందట వేల్స్ వెళ్లే దారిలో మా కారవాన్ టైరు పోతే, అతను జాకీ కింద చెక్క పెట్టకుండా బండి ఎత్తాడనీ, జాకీ ఒరిగి తన చెయ్యి తనే నలగ్గొట్టుకున్నాడనీ ఆ కథ.

ఆ కథ పుట్టించింది నేను. చెక్క తీసింది నేను, బండి ఎత్తింది నేను. ఇది రాయడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

కారవాన్ అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. రెండే చక్రాలు, లోపల నాలుగు పడకలు, ఓ గ్యాస్ పొయ్యి. మేం పాతది కొన్నాం. అప్పుడు నా బావమరిది కార్డిఫ్‌లో మాస్టర్స్ ముగించి, ఉద్యోగం దొరికేదాకా అని మా ఇంట్లో ఉండేవాడు. చదువుకునే రోజుల్నుంచీ టైర్లు మార్చే గ్యారేజీల్లో పని చేస్తున్నాడు. మా ఊరికి వచ్చాక ఇక్కడా అదే పని పట్టాడు. సాయంత్రం ఇంటికొస్తే గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. వాళ్లక్క, అంటే నా భార్య, చేతులు చూపించనిదే అన్నం పెట్టేది కాదు.

కారవాన్‌తో జాకీ రాలేదు. ఏది కొనాలో తేల్చడానికి నేను ఆఫీసు పద్ధతిలో పట్టిక వేశాను. ఏడు జాకీలు, ఏడు వరసలు. ఎంత బరువు ఎత్తుతుంది, తన బరువెంత, పెట్టుకోవడానికి ఎంత చోటు కావాలి, కొన్నవాళ్లు ఎన్ని స్టార్లు ఇచ్చారు. అన్నింట్లోనూ బాటిల్ జాకీకే ఎక్కువ మార్కులు వచ్చాయి. సీసా అంత ఉంటుంది, పిడి పైకీ కిందికీ కొడితే చాలు, రెండు టన్నులు లేపుతుంది.

ఆ ఆదివారం రెండు కుటుంబాల్ని భోజనానికి పిలిచాం. భోజనాలయ్యాక అందర్నీ ఇంటి ముందు బండి ఆపే డ్రైవ్‌లోకి తీసుకెళ్లి కొత్త జాకీ చూపించాను. కింద చెక్క పలక వేసి, దాని మీద జాకీ పెట్టి, ఇరుసు కిందికి తోశాను. ఇంకా రెండు వేళ్ల సందు మిగిలింది.

నా బావమరిది వంగి చూశాడు. "టైరులో గాలి ఉంది కాబట్టి దూరింది బావా. గాలి పోయాక బండి ఎంత దిగుతుందో చూశారా?"

"రెండు టన్నులు లేపుతుందయ్యా ఇది."

"లేపడం సరే, ముందు దూరాలి కదా. పక్కనుంచి ఎత్తేది ఒకటుంది. చట్రానికి బ్రాకెట్లు బిగించుకుంటే ఇక వంగే పని కూడా ఉండదు. ఒక పూటలో నేను బిగిస్తాను."

ఆ జాకీ నా పట్టికలో ఆఖరు వరసలో ఉంది. బిగించే పని ఉందని మార్కులు తగ్గించాను.

"పోనీ ఇప్పుడే గాలి తీసి చూద్దాం. మళ్లీ కొట్టడానికి పది నిమిషాలు పట్టదు" అన్నాడు.

అతిథులు చూస్తున్నారు. "చూశారా, ఆదివారం కూడా మావాడికి టైరు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మాలో బావ బావమరిదిని ఎంతైనా ఆట పట్టించవచ్చు, అతను నవ్వాల్సిందే. ఆ వరస చాటున నేను నొక్కేసిన మంచిమాటలు ఎన్నో ఉన్నాయి. అన్నింట్లోకీ ఖరీదైంది అదే.

ఆగస్టులో బయల్దేరాం. నేను, భార్య, తొమ్మిదేళ్ల కూతురు, బావమరిది. పొద్దుట్నుంచీ వాన. సముద్రం పక్కన చోటు బుక్ చేశాం, సాయంత్రం ఆరు దాటితే గేటు మూసేస్తారు. వేల్స్ సరిహద్దు దాటిన కాసేపటికి బండి వెనక భాగం ఊగడం మొదలైంది. అద్దంలో చూస్తే కారవాన్ ఎడం పక్కకి కుంగింది. నెమ్మదిగా తీసుకెళ్లి ముందు కనిపించిన లే-బైలో ఆపాను. రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే పొడుగాటి జాగా అది. ముందు చివర ఒక లారీ ఆగి ఉంది. మా ఎడం చక్రం తారు అంచు దాటి గడ్డి మీద నిలబడింది. టైరు పూర్తిగా చచ్చిపోయింది.

నా భార్య కూతురికి రెయిన్‌కోటు తొడిగి కంచె అవతలకి తీసుకెళ్లింది. దారిలో ఆగిపోయిన బండ్లని బాగుచేసే రికవరీ వాళ్లకి ఫోన్ చేస్తే మూడు గంటలు పట్టొచ్చన్నారు.

"పడితే పట్టనీండి బావా. టీ కాచుకుందాం, పొయ్యి ఉంది కదా."

"ఆరుకి గేటు మూస్తారు. జాకీ ఉండగా మూడు గంటలు ఇక్కడ కూర్చుంటామా?"

చెక్క వేసి, దాని మీద జాకీ పెట్టి, ఇరుసు కిందికి తోశాను. దూరలేదు. చెక్క తీసి తోశాను. అయినా దూరలేదు. వేలెడు తక్కువ. నా బావమరిది నా వెనకే నిలబడ్డాడు. 'చెప్పాను కదా' అని ఆ క్షణాన అని ఉంటే బాగుండేది, నేను కోప్పడి తేలికపడేవాణ్ని. అతను కారవాన్ లోంచి వాలు దిమ్మ తెచ్చాడు. సైటులో నేల ఎగుడుదిగుడుగా ఉంటే చక్రం ఎక్కించడానికి వాడే ప్లాస్టిక్ దిమ్మ. దాన్ని టైరు ముందు పెట్టి, కారు మెల్లగా ముందుకు పోనివ్వమన్నాడు. చక్రం దిమ్మెక్కింది, ఇరుసు కొంచెం లేచింది. హ్యాండ్‌బ్రేకులు వేయించి, అవతలి చక్రానికి అడ్డాలు పెట్టి, నట్లు సగం వదులు చేశాడు.

ఇప్పుడు జాకీ దూరింది. చెక్క వేస్తే మాత్రం దూరడం లేదు.

"ఇంకో దిమ్మ ఉంది, దాని మీదికి కూడా ఎక్కిద్దాం" అన్నాడు. బూటు మడమతో నేల నొక్కి చూపించాడు. నీళ్లు ఊరాయి. "చెక్క లేకుండా మాత్రం వద్దు బావా. మెత్తగా ఉంది. నేను స్పేర్ చక్రం, ఆ దిమ్మ తెస్తాను. వచ్చేదాకా ఎత్తకండి."

స్పేర్ చక్రం కారవాన్ ముందు పెట్టెలో, సామాన్ల అడుగున ఉంది. అతను కుర్చీలు, గొడుగులు ఒక్కొక్కటీ బయట పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. టైము మూడుంపావు. లారీలు పోతుంటే ఆ గాలికి కారవాన్ ఊగుతోంది. కంచె అవతల నుంచి నా భార్య కేకేసింది. "ఏవండీ, అసలు ఆ జాకీ పనికొస్తుందా?"

నేను చెక్కని కాలితో పక్కకి నెట్టాను. జాకీని ఉత్త నేల మీద పెట్టి పిడి కొట్టడం మొదలుపెట్టాను. కారవాన్ లేచింది. దిమ్మ మీద నుంచి టైరు విడిపోతుంటే, నిజం చెప్పాలి, సంతోషమేసింది. "లేస్తోంది చూడు!" అని భార్యకి వినపడేలా అరిచాను. కంచె పొదలు అడ్డు, పిడి ఎవరు కొడుతున్నారో తనకి కనిపించదు.

అతను చక్రం దొర్లించుకుంటూ వచ్చి, లేచి ఉన్న బండిని చూసి ఆగాడు.

"చెక్క పెట్టారా బావా?"

వాన, గడ్డి, బండి నీడ. నిలబడ్డవాడికి జాకీ అడుగు కనిపించదు.

"పెట్టాను" అన్నాను.

అతను ఇంక వంగి చూడలేదు. నేను పెట్టానన్నాను కాబట్టి చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని నట్లు పూర్తిగా విప్పాడు, పోయిన చక్రం లాగేశాడు, కొత్తది తగిలించి ఒక నట్టు వేళ్లతో తిప్పాడు. రెండో నట్టుకి కన్నం సరిచూడటానికి కుడిచెయ్యి చక్రం మీద వేశాడు. అప్పుడొక పెద్ద లారీ దగ్గరగా దూసుకుపోయింది. కారవాన్ ఊగింది. జాకీ ఒక పక్క నేలలోకి దిగి, మెల్లగా ఒరగడం నాకు కనిపించింది. నోరు తెరిచాను. మాట వచ్చేలోపు బండి దిగిపోయింది. చక్రానికీ, పైన రేకు అంచుకీ మధ్య అతని చెయ్యి ఉండిపోయింది.

అతను అరవలేదు. "బావా, బావా, బావా" అని మామూలు గొంతుతోనే అన్నాడు, ఎవరినో నిద్ర లేపుతున్నట్టు.

అరిచింది నా భార్య. ముందున్న లారీ డ్రైవరు తన జాకీ, ఒక మందపాటి పలక పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ముందు పలక వేశాడు, తర్వాతే జాకీ పెట్టాడు. రెండు నిమిషాల్లో చెయ్యి బయటికొచ్చింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు చూడలేకపోయాను. నా భార్య కంచె దాటొచ్చి చున్నీ తీసి చేతికి చుట్టింది.

ఆ లారీ ఆయన మట్టిలో పడి ఉన్న నా జాకీని తీసి చూశాడు. దాని అడుగున గడ్డి అంటుకుని ఉంది. "బోర్డు లేకుండా ఎవరు ఎత్తారిది?" అన్నాడు ఇంగ్లీషులో, కోపంగానే.

నా భార్య నావైపు చూసింది.

"మా బావమరిది" అన్నాను. "తను టైర్ల గ్యారేజీలో పని చేస్తాడు."

ఆ రెండో వాక్యం ఎందుకన్నానో ఈనాటికీ అర్థం కాదు. అతను విన్నాడు. చుట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని నావైపు ఒకసారి చూశాడు, తర్వాత వాళ్లక్క వైపు చూశాడు.

అంబులెన్సులో వాళ్లక్క ఏడుస్తూనే తిట్టింది. "గ్యారేజీలో ఇదేనా నేర్చుకున్నావు? చెక్క పెట్టడం కూడా రాదా? అదే నా కూతురు పక్కనుంటే?"

"పొరపాటైపోయిందక్కా" అన్నాడు.

ఆసుపత్రి వాళ్లు వేళ్లు నిలిపారు. వంగడం మాత్రం ఆగిపోయింది. గ్యారేజీ పని మానేశాడు. ఆ తర్వాత ఒక ఆఫీసులో మంచి ఉద్యోగమే దొరికింది, మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాడు. పైకి అంతా మామూలే. కానీ నా భార్య మళ్లీ కూతుర్ని తమ్ముడి కారెక్కనివ్వలేదు. స్కూలు నుంచి తీసుకొస్తానన్నా వద్దంది. "వాడికి జాగ్రత్త తెలియదు" అనేది, ప్రేమగానే. పార్టీల్లో కథ తిరిగి తిరిగి జాకీ అంకుల్ అనే పేరు నిలిచింది. ఆ పేరు విన్నప్పుడల్లా నేనూ నవ్వాను. రేపు చెప్దాం, పండగయ్యాక చెప్దాం అనుకున్నాను. ఆలస్యమైన కొద్దీ అబద్ధంతో పాటు ఆ ఆలస్యానికీ సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది.

పోయిన నెల మా అమ్మాయికి పదిహేడు నిండాయి. లెర్నర్ లైసెన్సు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం అందరం మా వంటింట్లో ఉన్నాం. అమ్మాయి మావయ్యని అడిగింది. "మామా, విల్ యూ టీచ్ మీ? డాడ్ షౌట్స్."

నా భార్య పెసరట్టు తిప్పుతూనే అంది. "వాడొద్దు. ఇంకెవరైనా పర్లేదు. చెక్క పెట్టడం కూడా తెలియనివాడు నీకేం నేర్పుతాడు?"

అతను టీ కప్పు ఎడంచేత్తో పట్టుకుని నవ్వాడు. "అక్క చెప్పింది నిజమేలే. జాకీ అంకుల్‌తో నీకెందుకమ్మా."

"చెక్క తీసింది నేను" అన్నాను.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. వద్దన్నా ఎత్తాననీ, అడిగితే పెట్టానని చెప్పాననీ, లారీ ఆయన అడిగితే అతని పేరు చెప్పాననీ.

"బావా, ఇప్పుడెందుకండీ..." అన్నాడు.

నా భార్య పొయ్యి కట్టేసింది. నావైపు చూడకుండా తమ్ముణ్ని అడిగింది. "నువ్వెందుకు చెప్పలేదురా?"

అతను కప్పు బల్ల మీద పెట్టాడు. "చెప్తే ఆయన్ని అక్కడే లే-బైలో వదిలేసి వచ్చేదానివి. కారవాన్ ఎవరు లాగుతారు?"

ఎవరూ నవ్వలేదు. అతను మెల్లగా అన్నాడు. "నేను వంగి చూడాల్సిందక్కా. గ్యారేజీలోనైతే ఎవరు పెట్టానన్నా వంగి చూసేవాణ్ని. బావ కదా అని చూడలేదు."

ఆ మాట నేను ఇంకా మోస్తున్నాను. తప్పులో తనకో వాటా తీసుకుని అన్నాడా మాట. ఆ వాటా అతనికి లేదు. అది ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను.

నా భార్య తమ్ముడి కుడిచెయ్యి తీసుకుని వంగని రెండు వేళ్లని చాలాసేపు పట్టుకుంది. తర్వాత గోడకున్న కారు తాళాలు తీసి ఆ అరచేతిలో పెట్టింది. "తీసుకెళ్లు. చీకటి పడేలోపు తీసుకురా" అంది. ఇవాళ్టికి మూడు వారాలైంది, నాతో అవసరమైన మాటలు తప్ప ఇంకేమీ అనడం లేదు. నేను అడగడం లేదు.

ఆ మధ్యాహ్నం కిటికీ లోంచి చూశాను. అమ్మాయి డ్రైవరు సీటు వైపు వెళ్తుంటే అతను ఆపి, వెనక డిక్కీ తెరిపించాడు. కారు జాకీ తీసి ఆమె చేతికిచ్చాడు. ఏదో అడిగాడు, వినపడలేదు. అమ్మాయి ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపి, తన బూటు మడమతో నేల నొక్కి చూపించాడు.